ముప్పై రెండో వారం టైరు

ఫిబ్రవరి 3

చిట్టీ,

ముందు నాలుగు చక్రాల్లో గాలి చూసుకుని రా. ఈ ఉత్తరం ఎక్కడికీ పోదు.

చూశావా? సరే. నువ్వు సెకండ్ హ్యాండ్ కారు కొన్నావని, కొన్న తర్వాత చెప్పావు. నలభై ఏళ్లుగా టైర్ల కొట్టు నడుపుతున్న మేనమామని ఇక్కడ పెట్టుకుని, ఎవరో రంగేసి అమ్మినదాన్ని ఒక్కదానివే వెళ్లి తెచ్చుకున్నావు. నేను సణుగుతుంటే మీ అత్తయ్య నీ తరఫున వకాల్తా పుచ్చుకుంది. "తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఊళ్లో కాటాలన్నీ సరిచూసే పిల్లకి కారు చూసుకోవడం రాదా?" అంది. వచ్చో రాదో నీ ఉత్తరమే చెప్పింది. "డిక్కీలో స్టెప్నీ కూడా ఉంది మామయ్యా, సన్నగా, ముద్దుగా ఉంది" అని రాశావు. ఆ ముక్క వినగానే నా చేతిలో పానా కింద పెట్టేశాను.

ఆ సన్న చక్రం అరువు చెప్పుల్లాంటిది. ఇల్లు చేరేదాకా వేసుకోవాలి, అంతే. గంటకి ఎనభై దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. నా లెక్కలో అరవై చాలు. అది వేసుకుని తిన్నగా పంక్చర్ కొట్టుకి వెళ్లి, అసలు చక్రం బాగుచేయించుకుని, దాన్ని మళ్లీ డిక్కీలో పడేయాలి. జనం ఏం చేస్తారంటే, నడుస్తోంది కదా అని నెల రోజులు దాని మీదే తిరుగుతారు. మామూలు మనిషికే అది పనికిరాదు. నువ్వు ఇరవై కిలోల తూనికరాళ్లు ఎనిమిది వెనకేసుకుని ఊళ్లు తిరుగుతావు. నూట అరవై కిలోల ఇనుము ఆ సన్న చక్రం మీదా? నాకు నిద్ర ఎలా పడుతుంది?

అందుకని పార్సిల్ లారీలో ఒక స్టెప్నీ పంపిస్తున్నాను. నీ నాలుగు చక్రాల కొలతే, వాటంత బరువు మోసేదే. రిమ్ముకి ఎక్కించి, గాలి కొట్టి పంపాను. వెనక గదిలో పైవరసలో ఉన్న జంటలో ఇది ఒకటి. ఒక్కసారి కూడా రోడ్డు మొహం చూడలేదు. రోడ్డుని పట్టే గాట్లు నా బొటనవేలు గోరంత లోతున్నాయి. పక్కగోడ మీద నాలుగు అంకెల నంబరు వేలితో తడిమి మరీ చూసుకున్నాను. 3219. అంటే పంతొమ్మిదో సంవత్సరం, ముప్పై రెండో వారంలో పుట్టింది. ఇంకా మూడేళ్లు కూడా నిండలేదు. పసిది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావు. కాగితం అయితే డాష్‌బోర్డు అరలో పడుంటుంది. నా ఉత్తరాలన్నీ అక్కడే పెట్టు.

నీ పంక్చర్ల మామయ్య

---

ఫిబ్రవరి 16

మామయ్యకి,

గాలి చూశాను. ముందు రెండూ ముప్పై రెండు, వెనక రెండూ ముప్పై ఐదు. ఇప్పుడు ఉత్తరం రాయొచ్చా?

టైరు క్షేమంగా చేరింది. మా ఇంటి ఓనర్లు మొదటి అంతస్తులో ఉంటారు, నేను రెండో అంతస్తు. పార్సిల్ మనిషి దాన్ని మెట్ల కింద దింపేసి వెళ్లిపోయాడు. ఇంటావిడ వచ్చి "ఇదేమిటమ్మా, ఇక్కడ కొట్టు పెడుతున్నావా?" అంది. మా మామయ్య పంపిన కానుక అన్నాను. ఆవిడ టైరునీ నన్నూ మార్చి మార్చి చూసి, "మా తమ్ముళ్లు చీరలు పంపుతారు" అంది.

డిక్కీలో గుంట సన్న చక్రం కొలతకి చేసింది. నీ టైరు అందులో కూర్చోలేదు. పైన పరిచే చెక్క నాలుగు వేళ్లు పైకి లేచింది, దాని మీద రాళ్లు పెడితే ఒకపక్కకి జారుతున్నాయి. కింద దుప్పటి మడతపెట్టి చూడాలి.

ఈ వారం ఒక ఉల్లిపాయల వ్యాపారి కాటా పట్టుకున్నాను. పది కిలోలకి నూట యాభై గ్రాములు తక్కువ ఇస్తోంది. సీలు వేసి పక్కన పెట్టించాను. నిజానికి ఆయన మోసగాడు కాదు మామయ్యా. నా రాయి పెట్టి చూపించాక ముఖం పాలిపోయింది. "ఎన్నాళ్ల నుంచో ఏమో మేడమ్, చేతికి అలవాటైన కాటా" అని అక్కడే బస్తా మీద కూలబడ్డాడు. ఆరేళ్ల ఉద్యోగంలో నాకు తెలిసిందేమిటంటే, తప్పు తూచేవాళ్లలో సగంమందికి తాము తప్పు తూస్తున్నామని తెలీదు. వాళ్లకి చెప్పడమే కష్టం. దొంగలకి చెప్పడం తేలిక.

ఇక టైరు సంగతి. నువ్వు రాసిన నంబరు పక్కన పెట్టుకుని నేనూ టైరు చూశాను. ఒక మాట అడుగుతాను, కోప్పడకు. అదే కంపెనీవి, అదే కొలతవి పాత టైర్లు కూడా నీ దగ్గర ఉన్నాయా? పార్సిల్ ఎక్కించేటప్పుడు ఒకదాని బదులు ఇంకోటి వెళ్లిపోయే అవకాశం ఉందా? ఇంకొకటి. ఎప్పుడూ వాడని టైరు పదేళ్లు దాటితే ఏమవుతుంది? ఊరికే తెలుసుకుందామని.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ చిట్టి

---

మార్చి 2

చిట్టీ,

గాలి చూశాక చదువు.

ఎప్పటిలాగే మీ అత్తయ్య నీ ఉత్తరం బయట బల్ల మీద కూర్చుని చదివింది, నేను ట్యూబు అతికిస్తూ విన్నాను. "ఒకదాని బదులు ఇంకోటి" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గించింది. తగ్గిస్తే నాకు వినపడదనుకుందో ఏమో.

అమ్మా, ఆ టైరు నేనే దించాను. నేనే రిమ్ముకి ఎక్కించాను. తాడు నేనే కట్టాను. మధ్యలో ఇంకో చెయ్యి పడలేదు. నంబరు ఒకటికి మూడుసార్లు చూశాను. నువ్వు ఇప్పుడు ఆఫీసరువి, అనుమానపడటం నీ వృత్తి, కాదనను. కానీ నీ అనుమానం మా కొట్టు గుమ్మం బయట వదిలేసి లోపలికి రా.

పదేళ్లు దాటిన టైరు ఏమవుతుందని అడిగావు కాబట్టి చెబుతున్నాను. చూడ్డానికి కొత్తదే. గాట్లు నిండుగా ఉంటాయి, గాలి నిలుస్తుంది. కానీ రబ్బరు లోపల బిగుసుకుపోతుంది. రోడ్డెక్కి వేడెక్కాక పొరకి పొర విడిపోయి విప్పుకుంటుంది. అరిగిపోయిన టైరు ముందుగా చెప్పి పోతుంది. వాడకుండా ముసలిదైన టైరు చెప్పదు. స్టెప్నీకి వచ్చే పెద్ద ప్రమాదం ఇదే. ఎవరూ దాని మొహం చూడరు, అవసరం పడిన రోజున మాత్రం ప్రాణం దాని మీద పెడతారు. నా మటుకు నేను ఆరేళ్లు దాటిన స్టెప్నీని ఏటా విప్పి చూస్తాను. పదేళ్లది ఉచితంగా ఇచ్చినా తీసుకోను. వెనకటికి ఒకాయన, అస్సలు వాడనే లేదండీ అని పన్నెండేళ్ల టైరు తెచ్చి అమ్మబోయాడు. నేను కత్తి తీసుకుని పక్కగోడ అడ్డంగా కోసేశాను, ఇంకెవరికీ అంటగట్టకుండా. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మానేస్తే మానేశాడు.

ఇక చక్రం మార్చే పద్ధతి. తెలుసంటావు. అయినా రాస్తున్నాను.

టైరు పోయిందని తెలియగానే గబుక్కున బ్రేకు వెయ్యకు. మెల్లగా రోడ్డు దించి, గట్టి నేల, చదును నేల చూసుకుని ఆపు. నాలుగు దీపాలూ మిణుకుమనేలా స్విచ్చి వెయ్యి. యాభై అడుగులు వెనక్కి నడిచి ఎర్ర త్రికోణం నిలబెట్టు. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో వదులు. పోయిన చక్రానికి మూలగా ఎదురున్న చక్రం కింద రాళ్లు పెట్టు. నీ డిక్కీలో రాళ్లకేం కొదవ? అన్నట్టు అవన్నీ దించాకే జాకీ ముట్టుకో. కారు లేపకముందే నట్లు ఒక అర చుట్టు వదులు చెయ్యి. లేపాక బలం పెడితే కారు జాకీ మీంచి దిగుతుంది. జాకీ కారు పుస్తకంలో చూపించిన చోటే పెట్టు, కనపడిన రేకు కిందల్లా కాదు. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టు. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది, నీ మీద కాదు. చెయ్యిగానీ కాలుగానీ కారు కిందకి పోనివ్వకు. కొత్త చక్రం నట్లు వరసగా బిగించకు, ఒకటి బిగించి దాని ఎదురుది బిగించు. కారు దించాక మళ్లీ ఒకసారి గట్టిగా. యాభై కిలోమీటర్లు పోయాక ఆగి ఇంకోసారి. ఈ చివరిది ఎవరూ చెయ్యరు. నువ్వు చెయ్యి.

నెలకోసారి స్టెప్నీలో కూడా గాలి చూడు. గాలి లేని స్టెప్నీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇంక నా టైరు మీద ప్రశ్నలు ఉండవనుకుంటాను.

నీ మామయ్య

---

మార్చి 19

మామయ్యకి,

గాలి చూశాను. ఇంకా చెప్పాల్సింది కూడా ఉంది. ముందే చెబుతున్నాను, నాకేం కాలేదు.

మొన్న మధ్యాహ్నం ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో వెనక ఎడమ చక్రం పోయింది. బోల్టు ముక్క ఒకటి నిలువునా దిగింది. నువ్వు చెప్పినట్టే మెల్లగా దించి ఆపాను. డాష్‌బోర్డు అరలోంచి నీ ఉత్తరం తీసి బానెట్ మీద పరిచి, ఎగిరిపోకుండా కిలో రాయి పెట్టి, ఒక్కో వాక్యం చదువుతూ ఒక్కో పని చేశాను. ఎనిమిది రాళ్లూ దించి వరసగా పేర్చేసరికి, ఇదేదో అమ్మకం అనుకుని ఒకాయన బండి ఆపి రేటు అడిగాడు.

నీ అక్షరాలు ఈమధ్య పెద్దవవుతున్నాయి మామయ్యా. రెండో పేజీలో ఒక పంక్తి మీద ఇంకో పంక్తి ఎక్కింది. "మూలగా ఎదురున్న చక్రం" అన్న చోట రెండు పంక్తులు కలిసిపోయి, అర్థం చేసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. తొందర్లో రాశావా?

అరగంటలో చక్రం మారింది. స్టెప్నీ వేసుకుని ఇల్లు చేరాను. యాభై కిలోమీటర్లు లేవు కాబట్టి ఇంటి ముందు ఆగి నట్లు ఇంకోసారి బిగించాను.

ఒక్క తమాషా జరిగింది. రాళ్లు వెంట తీసుకురాలేదు. దగ్గర్లో ఒక పాత ఇనుము కొట్టు ఉంటే అక్కడ అప్పజెప్పాను. పోయిన నెల ఆ కొట్టు కాటాకి సీలు వేసింది నేనే. ప్రభుత్వ ఇనుపరాళ్లు పాత ఇనుము వ్యాపారికి దాచమని ఇచ్చిన మొదటి ఇన్‌స్పెక్టర్ని నేనే అయ్యుంటాను. మర్నాడు వెళ్తే ఎనిమిదీ తుడిచి, గోనెపట్టా మీద పెట్టి ఉన్నాయి. "సరిచూసుకోండి మేడమ్. నా కాటా మీద మాత్రం కాదు, దానికి మీ సీలుంది" అన్నాడు.

నీ ఉత్తరం నన్ను ఇంటికి చేర్చింది. అది మాత్రం నిజం.

చిట్టి

---

మార్చి 27

చిట్టీ,

గాలి అడగను ఈసారి. నువ్వు చూసుకునే ఉంటావు.

నీ ఉత్తరం మీ అత్తయ్య చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా మేనకోడలు ఒంటి చేత్తో చక్రం మార్చుకుంది, నేను పంపిన స్టెప్నీ మీద ఇల్లు చేరింది. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. పాల వ్యాన్ డ్రైవరైతే రెండుసార్లు విన్నాడు పాపం.

రాళ్లు వదిలేసి రావడం మాత్రం నాకు నచ్చలేదు. నిండు చక్రం ఉండగా భయం దేనికి? అది నీ రాళ్లని మోయడానికే పంపాను కదా. మొదటిసారి కదా, కంగారుపడి ఉంటావు. పోనీలే.

నా అక్షరాల సంగతి అంటావా, ఆ రోజు కరెంటు సరిగ్గా లేదు.

నువ్వు సంతోషించే మాట ఒకటి. బడి వ్యాన్ నడిపే డ్రైవరు వచ్చాడు. వాళ్ల స్టెప్నీ పోయింది, మంచిది కావాలన్నాడు. వాళ్ల వ్యానుదీ నీ కారు కొలతే, బరువు కూడా సరిపోతుంది. "మా ఇన్‌స్పెక్టరమ్మకి పంపినదాని జంట ఉంది. దాని మీదే మొన్న ముప్పై కిలోమీటర్లు వచ్చింది" అని నీ కథ చెప్పి ఇచ్చాను. ఆయన ఇంక వేరే ప్రశ్న వెయ్యలేదు. పదకొండు మంది పిల్లలు ఎక్కే వ్యాన్ అది. నీ మాట మీద ఇచ్చినట్టే అయింది.

నీ మామయ్య

చిట్టీ, నేను అత్తయ్యని. పోస్టు చేసే ముందు ఈ మూల రాస్తున్నాను, ఆయనకి చెప్పకు. నిన్న టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోశాడు. అడిగితే గ్లాసు నేను జరిపానంటున్నాడు. గాలి గేజి చూసేటప్పుడు "ఎంత వచ్చిందో నువ్వు చెప్పు" అని నన్ను పిలుస్తున్నాడు, నాకు పని నేర్పిస్తాడట. పెళ్లయిన ముప్పై ఏళ్లలో లేని బుద్ధి ఇప్పుడెందుకు పుట్టింది? నువ్వొకసారి వచ్చి మాట్లాడితే వింటాడేమో.

---

ఏప్రిల్ 1

మామయ్యకి,

ఉత్తరం అందిన నిమిషంలో ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది. ఆ వ్యాన్ ఆపించమని, ఆ టైరు తీయించమని మాత్రం చెప్పి పెట్టేశాను. ఎందుకని నువ్వు వెనక నుంచి అరుస్తున్నావు. ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నువ్వు నాకు పంపిన టైరు నంబరు 3219 కాదు. 3210. పదో సంవత్సరం, ముప్పై రెండో వారం. పదకొండేళ్లు దాటింది. నాకు ఫిబ్రవరిలోనే తెలుసు.

మొదట పార్సిల్ మారిపోయిందనుకున్నాను. నీ చేత్తోనే ఎక్కించానని రాశావు. అప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది, దాచను. అమ్ముడుపోని సరుకు నాకు పంపావేమో అనుకున్నాను. రెండు రోజులు అలా అనుకున్నాను మామయ్యా. తర్వాత పన్నెండేళ్ల టైరుని కోసేసిన కథ మళ్లీ చదివాను. అది రాసిన మనిషి ఇది పంపడు. అంటే పంపిన మనిషికి తెలీదు. కొట్టు గుమ్మం బయటే వదిలేయమన్నావు కాబట్టి నా అనుమానాన్ని బయటే వదిలేశాను. నీ టైరు మెట్ల కింద పెట్టి, డిక్కీలో ఆ సన్న చక్రమే ఉంచుకున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చింది దాని మీదే. అందుకే రాళ్లు వదిలేశాను, అందుకే అరవై దాటలేదు. నీ మనసు నొచ్చుకుంటుందని "స్టెప్నీ" అని మాత్రం రాసి ఊరుకున్నాను. ఏ స్టెప్నీయో రాయలేదు.

ఆ ఒక్క మాట రాయకపోవడం వల్ల దాని జంట పదకొండు మంది పిల్లల వ్యాన్ ఎక్కింది. నీ తప్పు ఒక టైరు దగ్గర ఆగేది. దాన్ని రెండో టైరు దాకా తీసుకెళ్లింది నేను.

దీంతోపాటు ఒక కాగితం పెడుతున్నాను. టైరు మీద తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దాను, చిన్నప్పుడు నీ కొట్టులో నాణేలు పెట్టి రుద్దినట్టు. నాలుగు అంకెలూ తేలాయి. అత్తయ్యకి ఇవ్వకముందు నువ్వే చూడు. చూడగలిగితే నేను అనుకున్నదంతా తప్పని రాయి, కాళ్లు పట్టుకుని క్షమాపణ అడుగుతాను. చూడలేకపోతే ఎన్నాళ్లయిందో చెప్పు.

చిట్టి

---

ఏప్రిల్ 12

చిట్టీ,

ఈ ఉత్తరం మీ అత్తయ్య రాస్తోంది, నేను చెబుతున్నాను. (చెప్పింది చెప్పినట్టే రాయమన్నాడు. కొన్ని మాటలు మాత్రం రాయలేను. అత్తయ్య.)

చూడలేకపోయాను. కాగితం మీద బూడిద మరక తప్ప నాకేమీ కనపడలేదు. వెలుగులోకి తీసుకెళ్లాను. ఇంకా తెల్లగా అయింది.

రెండేళ్లయింది. మొదట కుడి కన్ను, తర్వాత ఎడమది. శుక్లాలని నాకు తెలుసు. ఒకరు చెప్పక్కర్లేదు, మీ తాతయ్యకీ ఇలాగే మొదలైంది. నువ్వు అప్పటికి పుట్టలేదు. ఆయన ఆపరేషన్‌కి వెళ్లి ఉన్న కాస్త చూపూ పోగొట్టుకుని వచ్చాడు. పదేళ్లు గోడ పట్టుకుని నడిచాడు. నేనే నడిపించాను. ఆ ఆపరేషన్ బల్ల ఎక్కడం నా వల్ల కాదనుకున్నాను. చెయ్యి ఉంది కదా అనుకున్నాను. పంక్చర్ చేత్తో దొరుకుతుంది, నట్టు చేత్తో దొరుకుతుంది. నంబరు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి అదీ చేత్తో దొరుకుతుందనుకున్నాను. నా వేలు చివర నలభై ఏళ్ల కాయ కాచింది చిట్టీ. దానికి సున్నాకీ తొమ్మిదికీ తేడా తెలీలేదు. రెండూ గుండ్రమే.

ఇంకొకటి చెప్పాలి. ఎక్కించేటప్పుడు బొటనవేలితో నొక్కితే ఆ రబ్బరు గట్టిగా తగిలింది. చలికి బిగుసుకుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. వేలు నిజం చెబుతుంటే నోరు నొక్కేశాను. అది కళ్ల తప్పు కాదు, నా తప్పు.

వ్యాన్ టైరు అదే సాయంత్రం విప్పించాం. మీ అత్తయ్య నంబరు చదివింది. 3210. లోపలి అంచు పొడవునా సన్నటి పగుళ్లున్నాయట. నాకు కత్తి ఇమ్మన్నాను. (నేను ఇవ్వలేదు. నేనే కోశాను.) డ్రైవరు ఆ పగుళ్ల మీద వేలు పెట్టి చూసుకుని, వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు. నన్ను ఒక మాట అనుంటే బాగుండేది.

ఈ రెండేళ్లలో వేలితో చదివి ఇచ్చిన స్టెప్నీలు ఎన్నో జ్ఞాపకం చేసుకుంటూ కూర్చున్నాను. ఇరవై ఆరు. ఆచూకీ తెలిసినవాళ్లందరికీ కబురు పెట్టాం. రోజూ పొద్దున్నే బయట బల్ల వేసుకుని కూర్చుంటున్నాం. వాళ్లు డిక్కీ తెరుస్తారు, మీ అత్తయ్య పైకి చదువుతుంది, నేను వింటాను. ఇరవై రెండు వచ్చాయి. అందులో మూడు ముసలివి. ఆ ముగ్గురిలో ఒకాయన "మీరు చూసి ఇచ్చారు కదా అని నేను చూడలేదండీ" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

నీ మీద నాకు కోపం లేదని రాయమంటోంది మీ అత్తయ్య. ఉంది. నన్ను అనుమానించినందుకు కాదు. అనుమానించడం నీ వృత్తి, ముందే ఒప్పుకున్నాను. ఉల్లిపాయల వ్యాపారికి ముఖం మీద చెప్పావు. ఆయన కూలబడతాడని తెలిసీ రాయి పెట్టి చూపించావు. పాత ఇనుము వ్యాపారికి చెప్పావు. నాకు చెప్పలేదు. ఆరు వారాలు నీ దగ్గర సరైన నంబరు పెట్టుకుని నాకు తప్పు నంబరు ఉండనిచ్చావు. వాళ్లకిచ్చిన గౌరవం నాకివ్వలేదు చిట్టీ. ప్రేమ చూపించావు. నాకు ఆ రోజు ప్రేమ అక్కర్లేదు.

ఇరవై ఎనిమిదో తేదీన కుడి కన్నుకి ఆపరేషన్. మీ అత్తయ్య తీసుకెళ్తుంది. నువ్వు సెలవు పెట్టి రాకు. నీకు పనుంది.

భయంగా ఉంది. ఆ ముక్క రాయొద్దన్నాను, రాసేసింది.

మామయ్య

(ఆయన పడుకున్నాక ఇది. "రాకు" అన్నాడు కాబట్టి రావద్దు. కానీ ఆ రోజు ఆయన చొక్కా జేబులో నీ పెన్సిల్ కాగితం పెట్టుకుని వెళ్తాడట. కట్టు విప్పాక మొదట చదివేది అదేనట. చదవలేకపోతే ఎవరికీ చెప్పొద్దని నాచేత మాట తీసుకున్నాడు. నేను నీకు చెప్పేశాను. ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఏదీ దాచేది లేదు.)

---

మే 17

చిట్టీ,

గాలి చూశావా?

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. పంక్తి మీద పంక్తి ఎక్కిందేమో చూసుకో. ఎక్కలేదు. రాశాక నేనూ చూసుకున్నాను.

కట్టు విప్పిన రోజు నీ కాగితం తియ్యడానికి చెయ్యి రాలేదు. ముందు నర్సు చేతి గడియారం చూశాను, తర్వాత గోడ మీద ఫ్యాను, తర్వాత మీ అత్తయ్యని. ఈవిడకి ఇన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి? నాతో ఒక్కరూ చెప్పలేదు. అప్పుడు కాగితం తీశాను. మూడు. రెండు. ఒకటి. సున్నా. కింద మూల చిన్న అక్షరాలతో తేదీ వేశావు, అది కూడా చదివాను. ఫిబ్రవరి 15. ఏప్రిల్‌లో రుద్దావనుకున్నాను నేను. టైరు చేరిన వెంటనే రుద్ది, ఆరు వారాలు పంపకుండా దగ్గర పెట్టుకున్నావు. ఎన్నిసార్లు మడిచి విప్పావో మడతలు చూస్తే తెలిసింది. సగానికి చిరిగిపోయేలా ఉంది. అది చూశాక నా కోపం పోయింది.

ఎడమ కన్నుకి వచ్చే నెల. ఈసారి భయం కాస్త తక్కువ.

మిగిలిన నలుగురిలో ముగ్గురు వచ్చారు. ముగ్గురివీ బాగానే ఉన్నాయి. ఒక్కడు మిగిలాడు. తెల్ల కారు, వెనక అద్దం మీద చిన్న పగులు, ఎటో దూరం వెళ్తూ మధ్యలో ఆగినవాడు. పేరు తెలీదు, ఊరు తెలీదు. నేనిచ్చింది మంచిదో ముసలిదో కూడా తెలీదు. రోడ్డు మీద తెల్ల కారు పోతే లేచి నిలబడి వెనక అద్దం చూస్తున్నాను. అరకిలోమీటరు నుంచి కనపడుతోంది ఇప్పుడు. ఆ అద్దం ఇంకా కనపడలేదు.

కొట్టులో పద్ధతి మార్చాను. నంబరు నేను చదవడం చాలదు. కొనేవాడు కూడా వంగి పైకి చదవాలి. కొందరు విసుక్కుంటున్నారు. చదివాకే టైరు చేతికిస్తున్నాను.

నువ్వు కాటాలకి ఏటా ఒకసారి పరీక్ష పెడతావు కదా, నాకూ పెట్టు. ఏడాదికోసారి వచ్చి బల్ల అవతల నిలబడి నాచేత నంబర్లు చదివించు. తప్పితే సీలు వెయ్యి, బస్తా మీద కూలబడితే కూలబడతాను. కానీ అక్కడే చెప్పు, ఆ రోజే చెప్పు.

నీ కోసం ఒక టైరు తీసి పెట్టాను. నంబరు ఈ ఉత్తరంలో రాయను, పార్సిల్‌లో పంపను. ఆ సన్న చక్రంతో, రాళ్లు లేకుండా, మెల్లగా నడుపుకుంటూ ఇక్కడికి రా. నేను చదువుతాను, తర్వాత నువ్వు చదువు. ఇద్దరికీ ఒకే నంబరు వస్తేనే అది నీ డిక్కీ ఎక్కుతుంది.

మామయ్య